ఇంక్యుబేటర్‌లో ఉన్న ప్రాజెక్టు గ్రాడ్యుయేషన్‌కు సిద్ధమైందని ఎలా తేల్చుకోవాలి?

పినాకిని:

అందరికీ నమస్కారం. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులను నడిపే అపాచీ ఫౌండేషన్‌లో కొత్తగా చేరేవాటిని తీర్చిదిద్దే విభాగం అపాచీ ఇంక్యుబేటర్. అందులో ఉన్న ఒక డేటా ప్రాజెక్టులో నేను కమిటర్‌ని (కోడ్‌ను నేరుగా మార్చే హక్కు ఉన్నదాన్ని), పీపీఎంసీ (పాడ్లింగ్ దశలోని ప్రాజెక్టు నిర్వహణ కమిటీ) సభ్యురాలిని. అధికారిక చర్చ మా మెయిలింగ్ లిస్టులోనే జరగాలి కనుక ప్రాజెక్టు పేరు ఇక్కడ చెప్పడం లేదు. ఈ దారిలో ఇదివరకే నడిచినవారి ఆలోచన మాత్రమే కోరుతున్నాను.

గత త్రైమాసిక నివేదిక రాస్తున్నప్పుడు ఇంక్యుబేటర్ తరఫున మాకు దారి చూపే మెంటర్లలో ఒకరు, ఇక గ్రాడ్యుయేషన్ (ఇంక్యుబేటర్ దాటి పూర్తి స్థాయి ప్రాజెక్టు కావడం) చర్చ మొదలుపెట్టవచ్చునేమో చూడండి అన్నారు. పైకి చూస్తే అడ్డేమీ కనిపించదు. కోడ్ హక్కులకు సంబంధించిన పత్రాలు ఎప్పుడో పూర్తయ్యాయి, రిలీజులు అపాచీ పద్ధతిలో వెలువడుతున్నాయి, కొత్త కమిటర్లను ఎన్నుకున్నాం, ప్రాజెక్టు పక్వతను చూసుకునే అపాచీ పట్టిక అయిన మెచ్యూరిటీ మోడల్‌లోని అంశాలన్నింటికీ జవాబులు రాసి పెట్టుకున్నాం. నా సందేహం ఒక్కచోటే ఆగుతోంది. కమిటర్లలో దాదాపు మూడింట రెండు వంతుల మంది ఈ కోడ్‌ను విరాళంగా ఇచ్చిన సంస్థలోనే ఉద్యోగులు. వారిలో ఎక్కువమంది హైదరాబాద్ కార్యాలయంలో పక్కపక్కనే కూర్చుని పనిచేస్తారు. నేనూ వారిలో ఒకదాన్నే. ఇటువంటి ప్రాజెక్టు సిద్ధమైందని అనుకోవచ్చునా, ఇంకొంత కాలం ఆగాలా? ఆగితే దేనికోసం ఆగుతున్నామో కూడా తెలిసి ఆగాలి కదా.

నాగావళి:

పినాకిని గారూ, మీరు చివర అడిగిన మాట దగ్గరే మొదలుపెడదాం. అపాచీ ఫౌండేషన్ ఇంక్యుబేటర్‌ను 2002లో ఏర్పాటు చేసింది. బయటి నుంచి వచ్చే కోడ్ హక్కుల విషయంలో చిక్కు లేకుండా ఉందా, దాన్ని తెచ్చినవారు ఫౌండేషన్ పద్ధతిలో కలిసి నిర్ణయాలు తీసుకోవడానికి అలవాటు పడ్డారా అన్న రెండింటినీ చూసుకోవడం దాని ముఖ్యమైన పని. సాఫ్ట్‌వేర్ ఎంత పక్వంగా ఉందన్నది అక్కడ కొలమానం కాదు. ఏళ్ల తరబడి పెద్ద పెద్ద వ్యవస్థల్లో నడుస్తున్న కోడ్ కూడా పాడ్లింగ్‌గానే, అంటే ఇంక్యుబేటర్‌లోని ప్రాజెక్టుగానే, చేరుతుంది, ఇంకా ఎదుగుతున్న కోడ్ ఉన్న ప్రాజెక్టు కూడా బృందం బాగుంటే గ్రాడ్యుయేట్ అవుతుంది.

గడిచిన కాలం కూడా కొలమానం కాదు. కోడ్ మార్పులను నమోదు చేసే సబ్‌వర్షన్ 2009 నవంబర్‌లో చేరి 2010 ఫిబ్రవరిలోనే ఉన్నత స్థాయి ప్రాజెక్టు అయింది. కొలాబ్‌నెట్ సంస్థ 2000లో ఆ పని మొదలుపెట్టించిన నాటి నుంచీ ఆ బృందం బహిరంగంగా వాదించుకుని ఏకాభిప్రాయంతో నడవడానికి అలవాటు పడింది కనుక, ఇంక్యుబేటర్ వారికి కొత్తగా నేర్పవలసింది అంతగా మిగల్లేదు. అదే గూగుల్ అభివృద్ధి ఆపేశాక అపాచీకి వచ్చిన వేవ్ అనే సంభాషణ వేదిక, 2010 డిసెంబర్‌లో చేరి ఏడేళ్లు గడిచినా గ్రాడ్యుయేట్ కాలేక 2018 జనవరిలో విరమించుకుంది. అక్కడ లోపించింది కోడ్ కాదు, దాన్ని ముందుకు నడిపే మనుషులు.

కాబట్టి నా దృష్టిలో మిమ్మల్ని మీరు అడుగవలసిన ప్రశ్న ఒకటే: మెంటర్లు రేపు లిస్టు నుంచి తప్పుకుంటే, మీ బృందం తన పని తాను సరిగ్గా చేసుకోగలదా?

మంజీర:

నాగావళి గారి ప్రశ్నకు నేను ఇంకొకటి చేర్చాలి, అది మరింత కఠినమైనది: మెంటర్లు కాదు, ఆ సంస్థే తప్పుకుంటే?

ఒకప్పటి ఇంక్యుబేటర్ నియమాల్లో ఈ సంగతి స్పష్టంగానే ఉండేది. చట్టపరంగా ఒకరితో ఒకరికి సంబంధం లేని కమిటర్లు కనీసం ముగ్గురుండాలి, ఏ ఒక్క సంస్థ లేకపోయినా ప్రాజెక్టు కుప్పకూలే పరిస్థితి ఉండకూడదు అని. ఇందులో మొదటి సగం లెక్కపెట్టడానికి వీలైనది, అందుకే అందరూ దాన్నే పట్టుకున్నారు. బరువంతా ఉన్నది రెండో సగంలో.

డీప్ లెర్నింగ్ సాఫ్ట్‌వేర్ ఎంఎక్స్‌నెట్ కథ చూడండి. అమెజాన్ 2016 నవంబర్‌లో తన డీప్ లెర్నింగ్ పనికి దాన్ని ఎంచుకున్నట్టు ప్రకటించింది, 2017 జనవరిలో ప్రాజెక్టు ఇంక్యుబేటర్‌లో చేరింది. విశ్వవిద్యాలయాల పరిశోధకులు కలిసి మొదలుపెట్టిన పని అది. కనుక పుట్టుకలో ఏకసంస్థ ప్రాజెక్టు కానే కాదు. కానీ కాలం గడిచేకొద్దీ రోజువారీ శ్రమలో పెద్ద భాగం అమెజాన్ జీతం ఇచ్చే ఇంజనీర్లదే అయింది. మధ్యలో లైసెన్సు, పంపిణీ చిక్కులు వచ్చాయి. ఎన్విడియా లైబ్రరీలతో కలిపి పంచే బైనరీలను అపాచీ పేరుతో ఇవ్వవచ్చునా అన్న వాదన చాలా కాలం నడిచింది. వాటిని తీర్చుకుని 2022 సెప్టెంబర్‌లో గ్రాడ్యుయేట్ అయ్యేసరికి ఆ రంగం పైటార్చ్ అనే పోటీ సాఫ్ట్‌వేర్ వైపు మళ్లిపోయింది. ఏడాది తిరిగేసరికి, 2023 సెప్టెంబర్‌లో, అది అపాచీ అటిక్‌లోకి, అంటే విరమించిన ప్రాజెక్టుల చోటుకి చేరింది.

వారు నియమాలు పాటించలేదని నేను అనడం లేదు. అడిగినవన్నీ చేశారు. ఆ చేసే క్రమంలో, ఈ పని రేపు ఎవరు కొనసాగిస్తారు అన్న ప్రశ్నకు మాత్రం జవాబు పలచబడిపోయింది. పట్టిక మొత్తం నిండి కూడా ప్రాజెక్టు ఖాళీ కావచ్చు. పినాకిని గారూ, మీ మెచ్యూరిటీ మోడల్ జవాబుల్లో ఐఎన్10 దగ్గర, అంటే సంస్థల ప్రభావం నుంచి స్వతంత్రంగా ఉండడం గురించిన అంశం దగ్గర ఏం రాశారో మరోసారి చదువుకోండి.

తుంగభద్ర:

మంజీర గారి ఉదాహరణ నిజమే, దాని నుంచి తీస్తున్న పాఠంతోనే నాకు పేచీ. ఎంఎక్స్‌నెట్ తొందరపడి గ్రాడ్యుయేట్ కావడం వల్ల ఆగిపోలేదు. అయిదున్నరేళ్లకు పైగా లోపలే ఉంది. ఇంకో రెండేళ్లు ఆపి ఉంచితే బతికేదా? ఆలస్యమూ నష్టమే. రిలీజు పేరులో ఇంక్యుబేటింగ్ అన్న మాట, పక్కన డిస్‌క్లెయిమర్ ఫైలు ఉన్నంత కాలం, పెద్ద సంస్థల కొనుగోలు విభాగాలు, భద్రతా విభాగాలు ఆ సాఫ్ట్‌వేర్‌ను దూరంగానే పెడతాయి. వాడేవారు రాకపోతే వారిలోంచి రావలసిన బయటి కమిటర్లూ రారు. వైవిధ్యం వచ్చేదాకా గ్రాడ్యుయేషన్ వద్దంటే, గ్రాడ్యుయేషన్ అయ్యేదాకా వైవిధ్యం రాని ప్రాజెక్టులు అక్కడే కూరుకుపోతాయి.

డేటా ప్రవాహాలను నడిపే కాఫ్కాను తీసుకోండి. లింక్డిన్‌లో పుట్టి, 2011 జులైలో చేరి, 2012 అక్టోబర్‌లో గ్రాడ్యుయేట్ అయింది. ఆ నాటికి పని చేస్తున్న ముఖ్యులు చాలావరకు లింక్డిన్ వారే. 2014లో వారిలో కొందరు బయటికి వచ్చి కాన్‌ఫ్లుయెంట్ స్థాపించారు. ప్రాజెక్టు ఆగలేదు సరికదా, ఇంకా పెరిగింది. అపాచీలో కమిటర్ హోదా మనిషికి చెందుతుంది గాని ఉద్యోగానికి కాదు. ఉద్యోగం మారినా ఓటు మనిషి వెంటే వెళుతుంది. కనుక అందరి చొక్కాల మీదా ఒకే సంస్థ పేరు ఉందా అని చూడడం కంటే, ఆ మనుషులకు ఈ పని మీద సొంత మమకారం ఉందా అని చూడడం ముఖ్యం.

మంజీర:

మమకారం ఉందో లేదో బయటివారికి తెలిసేది ఎలా? కష్టం వచ్చినప్పుడే. గ్రూవీ అనే ప్రోగ్రామింగ్ భాష విషయంలో ఆ కష్టం ముందే వచ్చింది. పివోటల్ సంస్థ 2015 మార్చి నెలాఖరుతో గ్రూవీకి నిధులు ఆపేస్తున్నట్టు ఆ ఏడాది జనవరిలోనే చెప్పింది. ఆ మార్చిలోనే ప్రాజెక్టు ఇంక్యుబేటర్‌లో చేరింది, అక్కడి నుంచే 2.4.4 రిలీజు ఇచ్చింది, నవంబర్‌లో గ్రాడ్యుయేట్ అయింది. జీతం ఆగినా పని ఆగదని వారు లోపలికి వచ్చేనాటికే రుజువు చేసుకుంటున్నారు; ఆ తరువాత ఎవరికీ సందేహం మిగల్లేదు. అటువంటి పరీక్ష అందరికీ రావాలని నేను కోరుకోను. కానీ దానికి సమానమైన సాక్ష్యం ఏదో ఒకటి అడగడం తప్పు కాదు.

ఇక కాఫ్కా గురించి: ఆ ముఖ్యులు కొత్త సంస్థ పెట్టి మరీ ఆ పని కొనసాగించారు కాబట్టి అది మీ వాదనకు పనికొచ్చింది. ప్రతి ప్రాజెక్టుకూ అటువంటి వ్యాపార బలం వెన్నంటి ఉండదు.

నల్లమల:

నేను క్లౌడ్ నేటివ్ కంప్యూటింగ్ ఫౌండేషన్, అంటే సీఎన్‌సీఎఫ్ ప్రాజెక్టుల వైపు పనిచేస్తున్నాను. అక్కడ గ్రాడ్యుయేషన్ అన్న మాట వేరే అర్థంలో నడుస్తుంది కనుక ఒక వివరం చెప్పాలి. అక్కడ శాండ్‌బాక్స్, ఇంక్యుబేటింగ్, గ్రాడ్యుయేటెడ్ అని మూడు మెట్లు. కుబర్నెటీస్ 2018 మార్చిలో మొట్టమొదట పైమెట్టుకు చేరింది. ఆ మెట్టుకు కమిటర్లు కనీసం రెండు సంస్థల నుంచి ఉండాలి, బయటి నిపుణులు చేసిన భద్రతా తనిఖీ ఉండాలి, నిజంగా వాడుతున్న సంస్థలు ముందుకొచ్చి చెప్పాలి. అక్కడ ఇంక్యుబేటింగ్ అన్నా చాలామంది ధైర్యంగా వాడుతారు. గ్రాడ్యుయేషన్ అంటే భారీ స్థాయిలో నమ్ముకోవచ్చునన్న హామీ లాంటిది. అపాచీలో అది పాలనకు సంబంధించిన హామీ. తుంగభద్ర గారు చెప్పిన కొనుగోలు విభాగాలు ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం వల్లే చాలా అపార్థాలు వస్తున్నాయి.

అయితే రెండు సంస్థలు అన్న నియమం కూడా పూర్తి రక్షణ కాదు. అక్కడి ప్రాజెక్టుల్లో ఒకటైన లింకర్‌డీ 2021 జులైలో గ్రాడ్యుయేట్ అయింది. 2024 ఫిబ్రవరిలో దాని వెనకున్న బాయంట్ సంస్థ, ఇకపై స్థిరమైన రిలీజుల బిల్డులు ప్రాజెక్టు నుంచి రావని, అవి కావలసినవారు తమ సంస్థ పంపిణీ నుంచి తీసుకోవాలని ప్రకటించింది. కోడ్ బహిరంగంగానే ఉంది, లైసెన్సు మారలేదు, ఏ నియమమూ ఉల్లంఘన కాలేదు. కానీ స్థిరమైన బిల్డులు తయారుచేసే పనంతా ఒకే సంస్థ చేతిలో ఉందని చాలామంది వాడుకరులకు ఆ రోజే తెలిసింది. కాబట్టి పినాకిని గారూ, కమిటర్ల జాబితా చూడకండి. రిలీజు ఎవరి చేతుల మీదుగా వస్తోందో చూడండి.

శబరి:

నల్లమల గారు నా మాట నోట్లోంచి లాక్కున్నారు. నేను ఇంక్యుబేటర్ వైపు నుంచి పాడ్లింగ్ రిలీజులను చాలా కాలంగా పరిశీలిస్తున్నాను, ఓటు వేస్తున్నాను. ఒక పాడ్లింగ్ సిద్ధమైందా లేదా అన్నది దాని రిలీజు ఓటింగు చదివితే చాలావరకు అర్థమవుతుంది.

పద్ధతి తెలియనివారి కోసం క్లుప్తంగా: పాడ్లింగ్ రిలీజుకు మొదట సొంత డెవ్ లిస్టులో (డెవలపర్ల మెయిలింగ్ లిస్టులో) ఓటు జరుగుతుంది, తరువాత ఇంక్యుబేటర్ జనరల్ లిస్టులో. ఐపీఎంసీ (ఇంక్యుబేటర్ నిర్వహణ కమిటీ) సభ్యుల నుంచి కనీసం మూడు +1, అంటే అనుకూల, ఓట్లు రావాలి, అవి వ్యతిరేక ఓట్ల కంటే ఎక్కువ ఉండాలి, ఓటింగు కనీసం 72 గంటలు తెరిచి ఉంచాలి. ఆ 72 గంటలు ఎందుకంటే ప్రపంచంలో ఏ మూల ఉన్నవారికైనా, సెలవు రోజైనా, చూసే వీలుండాలని.

ఇప్పుడు గమనించవలసింది: మూల ప్యాకేజీలో లైసెన్సు లోపాలను, నోటీసు ఫైలు తప్పులను, ఉండకూడని బైనరీని, జీపీఎల్ వంటి, అపాచీ నిషిద్ధ జాబితాలోని లైసెన్సు ఉన్న లైబ్రరీని ఎవరు పట్టుకుంటున్నారు? జనరల్ లిస్టుకు వచ్చాక మాలాంటివారు పట్టుకుంటుంటే పాడ్లింగ్ ఇంకా మా మీదే ఆనుకుని ఉన్నట్టు. డెవ్ లిస్టులోనే పీపీఎంసీ సభ్యులు తమంతట తాము పట్టుకుని, ఓటు రద్దు చేసి, సరిచేసి మళ్లీ తెస్తుంటే వారు సిద్ధమైనట్టు. రద్దయిన ఓటింగును చూసి నేను ఎప్పుడూ ఆ ప్రాజెక్టును తక్కువ చేయను. దాన్ని రద్దు చేసింది లోపలివారే అయితే అది నాకు ఎంతో నమ్మకాన్నిస్తుంది. అందరూ ఒక్క మాటలో +1 అని రాసి, ఏమేమి పరీక్షించారో చెప్పని ఓటింగు చూస్తేనే నాకు దిగులు.

రెండో సంగతి, మెచ్యూరిటీ మోడల్‌లో ఆర్ఈ50 అని ఒక అంశం ఉంది. రిలీజు చేసే విధానం ఎంత వివరంగా రాసి ఉండాలంటే, ప్రాజెక్టుకు కొత్తగా వచ్చిన మనిషి కూడా దాన్ని చదువుకుని ఎవరి సాయమూ లేకుండా పూర్తి రిలీజు తయారుచేయగలగాలి. అవును అని రాయడం తేలిక. నిజంగా చేయించి చూశారా?

పినాకిని:

అందరికీ కృతజ్ఞతలు. శబరి గారు అడిగినదానికి జవాబు: మా రిలీజు మేనేజర్లు ఇప్పటిదాకా అందరూ మా సంస్థవారే. విధానం రాసి ఉంది, కానీ అందులో ఒక మెట్టు మా సంస్థ లోపలి బిల్డు యంత్రం మీద నడుస్తుంది. బయటి కమిటర్ ఒకరు రిలీజు చేస్తానని ముందుకొచ్చినా ఆ మెట్టు దగ్గర మా ఎవరో ఒకరి సాయం తప్పదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. మా దగ్గర డిజైన్ చర్చలు నిజాయితీగానే జరుగుతాయి, కానీ చాలావరకు కార్యాలయంలో, భోజన విరామంలోనో తెల్లబోర్డు ముందో, తెలుగులో జరుగుతాయి. తేలిన తరువాత ఎవరో ఒకరు దాన్ని ఇంగ్లిషులో శుభ్రంగా రాసి లిస్టుకు పంపుతారు. లిస్టు చదివే పోలండ్ కమిటర్‌కు, బ్రెజిల్ కమిటర్‌కు కనిపించేది ముగింపు మాత్రమే. వారు అభ్యంతరం చెప్పరు. చెప్పకపోవడాన్ని మేము ఏకాభిప్రాయంగా లెక్కపెడుతున్నాం. దీన్ని ఎంతవరకు లోపంగా చూడాలి?

నాగావళి:

ఇది చిన్న విషయం కాదు, పినాకిని గారూ. నా అభిప్రాయంలో మూడింట రెండు వంతులన్న లెక్క కంటే ఇదే పెద్దది. లిస్టులో జరగనిది జరగనట్టే అన్నది అపాచీలో చాలా పాత మాట. మెచ్యూరిటీ మోడల్‌లో సీఎస్50 కూడా ఇదే చెబుతుంది: ముఖ్యమైన చర్చలన్నీ రాతపూర్వకంగా, ఎవరి వీలును బట్టి వారు పాల్గొనేలా ప్రాజెక్టు ప్రధాన వేదిక మీద జరగాలి, ముఖాముఖి మాట్లాడుకున్నవి ప్రాజెక్టును ప్రభావితం చేస్తే వాటినీ అక్కడ నమోదు చేయాలి.

తోటివారితో సొంత భాషలో మాట్లాడుకోవడం ఆపమని ఎవరూ అనరు, అనకూడదు కూడా. ఆలోచన సొంత భాషలోనే చురుగ్గా కదులుతుంది. అయితే తెల్లబోర్డు ముందు వచ్చిన ఆలోచనను తీర్మానంగా కాక ప్రతిపాదనగా లిస్టుకు పంపండి. పక్కన పెట్టిన మార్గాలు ఏవి, ఎందుకు పెట్టారు, మీలో మీకే ఎక్కడ భేదాభిప్రాయం వచ్చింది అన్నవి కూడా రాయండి. కార్యాలయంలో మీతో విభేదించిన సహోద్యోగి ఆ భేదాన్ని లిస్టులోనూ తన పేరుతో రాయాలి. బయటివారికి అప్పుడే తెలుస్తుంది, ఇక్కడ విభేదించవచ్చునని. ఒక సంస్థవారంతా ఎప్పుడూ ఒకే గొంతుతో మాట్లాడే లిస్టులో కొత్తవారు నోరు మెదపరు. బయటి కమిటర్ల సంఖ్య పెరగకపోవడానికి కారణం కూడా అక్కడే ఉండవచ్చు.

తుంగభద్ర:

దీనితో నాకూ పూర్తి ఏకీభావం ఉంది. కానీ ఒక విన్నపం. ఇవన్నీ సరిచేసుకున్నాక చూద్దాం అని గడువు లేకుండా వదిలేయకండి. మెంటర్లు స్వచ్ఛందంగా సమయం ఇస్తున్నవారు. ఏళ్లు సాగితే వారి శ్రద్ధ సన్నగిల్లుతుంది, ఆ తరువాత రిలీజుకు మూడు ఓట్లు సంపాదించడమే కష్టమవుతుంది. ఏ రెండు మూడు పనులు జరిగితే చర్చ మొదలుపెడతారో లిస్టులో ముందే రాసి పెట్టండి. అవి జరిగాక కొత్త షరతులు చేర్చకండి.

ఇంక్యుబేటర్‌ను వదిలి వెళ్లడం కూడా గౌరవప్రదమైన దారేనని గుర్తుంచుకోవాలి. జిప్‌కిన్ అనే ప్రాజెక్టు 2018లో చేరింది; అక్కడి పద్ధతులు తమ పని తీరుకు సరిపడవని బృందమే నిర్ణయించుకుని 2019లో బయటకు వచ్చి, తన పని తాను కొనసాగించింది. మీకు ఆ అవసరం ఉందని కాదు. గ్రాడ్యుయేషన్ ఒక్కటే మంచి ముగింపు అన్న భయంతో ఓటుకు వెళ్లకూడదని చెబుతున్నాను.

మంజీర:

గడువు విషయంలో తుంగభద్ర గారితో ఏకీభవిస్తాను. సంస్థ ఆధిపత్యం విషయంలో మా భేదం మాత్రం అలాగే ఉంది: రిలీజు, డిజైన్ రెండూ సరిచేసుకున్నా, ఆ మూడింట రెండు వంతుల మంది ఒకే నిర్ణయంతో ఒకే రోజున వేరే పనికి బదిలీ అయ్యే ప్రమాదం పోదు. అది గ్రాడ్యుయేషన్‌కు అడ్డు కానక్కరలేదని ఇప్పుడు ఒప్పుకోగలను. అయితే గ్రాడ్యుయేషన్ తీర్మానంతోపాటు పంపే చర్చలో దాన్ని దాచకుండా రాయాలి. ఐపీఎంసీ సభ్యులు తమంతట తాము లెక్కపెట్టి అడగడం కంటే మీరే చెప్పడం మేలు.

పినాకిని:

మెంటర్లతో మాట్లాడి ఈ రోజు మా డెవ్ లిస్టులో ఒక ప్రతిపాదన పెట్టాను. సారాంశం ఇది. బిల్డులో సంస్థ యంత్రం మీద ఆధారపడిన మెట్టును తీసేసి అందరికీ అందుబాటులో ఉండేచోట నడిచేలా మారుస్తాం. వచ్చే రిలీజును పోలండ్ కమిటర్ నడుపుతారు, ఆయన ఒప్పుకున్నారు. హైదరాబాద్‌లో ఉన్న మేము లిస్టులో అడిగితే తప్ప సాయపడము, అడిగినదంతా విధానం పత్రంలోకి చేరుతుంది. తరువాతి పెద్ద డిజైన్ మార్పు నిల్వ పొర గురించి. దాన్ని మొదటి ఆలోచన దశ నుంచే లిస్టులో నడుపుతాం. ఈ రెండూ జరిగిన తరువాతి నివేదికలో గ్రాడ్యుయేషన్ చర్చ మొదలవుతుంది, మధ్యలో కొత్త షరతులు ఉండవు. మంజీర గారు చెప్పినట్టు కమిటర్ల ఉద్యోగ వివరాలు చర్చ మొదటి సందేశంలోనే పెడతాం.

ప్రతిపాదన పెట్టిన కొద్దిసేపటికే బ్రెజిల్ కమిటర్ నుంచి జవాబు వచ్చింది. నిల్వ పొర మార్పు మీద తనకు మొదటి నుంచీ అభ్యంతరం ఉందని, రేపు వివరంగా రాస్తానని అన్నారు.

శబరి:

ఆ అభ్యంతరానికి తొందరపడి జవాబివ్వకండి, మిగతావారు మాట్లాడనివ్వండి. ఈలోగా ఇంకొక పని ఉంది. పేరు శోధన (ప్రాజెక్టు పేరు వాడుకోవడానికి వీలుందో లేదో చూసుకోవడం) అభ్యర్థన ఇంకా పెట్టకపోతే ఇప్పుడే పెట్టండి. ట్రేడ్‌మార్క్ చిక్కు తేలితే పేరు మార్చడానికి పట్టే సమయం మిగతా పనులన్నింటికంటే ఎక్కువ. బృందం ఓటు, ఐపీఎంసీ ఓటు అయ్యాక తీర్మానం నెలకొకసారి జరిగే బోర్డు సమావేశానికి వెళుతుంది, పేరు తేలకుండా అక్కడిదాకా వెళ్లవద్దు. తీర్మానంలో పీఎంసీ (గ్రాడ్యుయేట్ అయ్యాక ప్రాజెక్టును నడిపే కమిటీ) అధ్యక్షులుగా ఎవరి పేరు రాయాలన్నది కూడా లిస్టులోనే చర్చించండి. అది ఫౌండేషన్‌లో ఉపాధ్యక్ష హోదా కలిగిన బాధ్యత, బోర్డుకు నివేదికలు వెళ్లవలసింది వారి నుంచే. కోడ్ ఎక్కువ రాసినవారి కంటే నివేదిక వేళకు పంపేవారిని, లిస్టులో అందరికీ జవాబిచ్చేవారిని ఎంచుకోండి.